ఫ్లోరిడాలో అద్దె సెస్నా: దారిలో నిషేధిత ఆకాశం ఎక్కడుందో తెలుసుకునేదెలా?

ప్రశ్న: మాది బరంపురం. నాకు డీజీసీఏ ప్రైవేటు పైలట్ లైసెన్సు ఉంది. వచ్చే శీతాకాలం ఓర్లాండోలో అక్కావాళ్లింటికి వెళ్తున్నాను. అక్కడ సెస్నా 172 అనే చిన్న విమానం అద్దెకు తీసుకుని అక్కనీ బావగారినీ ఫ్లోరిడా దక్షిణ కొసనున్న కీ వెస్ట్ దీవి దాకా తిప్పి తీసుకురావాలని ఆశ. ఇక్కడైతే ఫ్లైట్ ప్లాన్ వేసి, ఏడీసీ (వాయుసేన క్లియరెన్సు), ఎఫ్‌ఐసీ (విమాన సమాచార కేంద్రం) నంబర్లు వచ్చాకే కదులుతాం. అక్కడ వీఎఫ్‌ఆర్‌లో, అంటే బయటికి కంటితో చూసుకుంటూ ఎగిరే పద్ధతిలో, ఎవర్నీ అడగక్కర్లేదట. ‘ట్యాబ్‌లో యాప్ పెట్టుకో, గీతలు దాటకు, అంతే’ అంటున్నాడు ఫ్రెండ్. నిజంగా అంతేనా? ఆ మరుసటి ఏడు ఫ్రాన్స్‌లో కూడా ఎగరాలని ఉంది. అక్కడా ఇదే పద్ధతా?
— ఒక పాఠకుడు, బరంపురం

జవాబు: మీ ఫ్రెండ్ చెప్పింది సగం నిజం. యాప్ కావాల్సిందే. కానీ మీరు జాగ్రత్తపడాల్సింది గీతల కంటే ముందు ఆ ఏడీసీ అలవాటు దగ్గర. మన దగ్గర ఏడీసీ నంబరు చేతికొచ్చిందంటే మీ ప్రయాణం వాయుసేన కంట ఒకసారి పడిందని లెక్క. ఏళ్ల తరబడి అలా ఎగిరినవాళ్లకు తెలియకుండానే ఒక ధీమా వచ్చేస్తుంది: ఎవరూ వద్దనలేదు కదా, వెళ్లొచ్చు. అమెరికాలో వీఎఫ్‌ఆర్ ప్రయాణానికి చాలాచోట్ల ఫ్లైట్ ప్లానే అక్కర్లేదు. టవర్ లేని ఎయిర్‌పోర్టు నుంచి ఎవరి అనుమతీ లేకుండా లేచిపోవచ్చు. వద్దనే మనిషే లేనిచోట ఆ ధీమాతో బయల్దేరితే నేరుగా ఫైరింగ్ రేంజిలోకి వెళ్తారు.

ఈ ఏర్పాటు మీకు కొత్తదేం కాదు. గోపాల్‌పూర్‌లో ఆర్మీ ఎయిర్ డిఫెన్స్ కాలేజీవాళ్లు సముద్రంవైపు ఫైరింగ్ పెట్టుకున్న రోజుల్లో, చాందీపూర్‌లో క్షిపణి పరీక్ష ఉన్నప్పుడు జాలర్లకు ముందే కబురందుతుంది: ఫలానా వేళ నుంచి ఫలానా వేళ దాకా ఇటు రావద్దని. అదే కబురు విమానాలకు నోటామ్ (పైలట్లకిచ్చే నోటీసు) రూపంలో వెళ్తుంది. జాలరికి ఊళ్లోకి వచ్చి చెప్తారు. పైలట్ మాత్రం తానే వెళ్లి చదువుకోవాలి.

చాలా దేశాల్లో ఆంక్షలున్న ఆకాశాన్ని మూడు పేర్లతో పిలుస్తారు: ప్రొహిబిటెడ్, రిస్ట్రిక్టెడ్, డేంజర్. వీటి వివరాలు మామూలుగా ఆ దేశపు ఏఐపీలో (విమానయాన సమాచారపు అధికారిక పుస్తకంలో) ఈఎన్ఆర్ 5.1 విభాగంలో ఉంటాయి. సరిహద్దు, కింది ఎత్తు, పై ఎత్తు, వేళలు, ఎందుకు మూశారు అన్నీ అక్కడే. సైనిక శిక్షణ ప్రాంతాలు 5.2లో ఉంటాయి. గ్లైడర్లు, పారాచూట్లు దూకే చోట్లు 5.5లో. ఏ దేశం వెళ్లినా ముందు ఆ దేశపు ఏఐపీలో ఈ నంబర్లే తెరవండి. పేర్లు, నియమాలు కాస్త మారతాయి గానీ అరల వరస మారదు.

అమెరికాలో డేంజర్ ఏరియా అనే మాట వాడరు. తీరం నుంచి 3 నాటికల్ మైళ్ల అవతల సముద్రం మీద ఉన్నవి వార్నింగ్ ఏరియాలు. యుద్ధవిమానాలు విన్యాసాలు చేసే చోట్లు ఎంఓఏలు (మిలిటరీ ఆపరేషన్స్ ఏరియాలు). వీటిలోకి వీఎఫ్‌ఆర్‌లో వెళ్లడానికి అనుమతి అక్కర్లేదు. కానీ ఎంఓఏ నడుస్తున్న వేళ అందులో గంటకు వందల మైళ్ల వేగంతో జెట్లు తిరుగుతుంటాయి, చుట్టుతిరిగి పోవడమే తెలివి. రిస్ట్రిక్టెడ్ ఏరియా నడుస్తుంటే అనుమతి లేనిదే అడుగు పెట్టకూడదు. అక్కడి పైలట్లు ‘హాట్’ అంటే నడుస్తోందని, ‘కోల్డ్’ అంటే ఖాళీ అని వాడతారు. సెక్షనల్ చార్టు (వీఎఫ్‌ఆర్ పైలట్ల మ్యాపు) మీద ప్రొహిబిటెడ్, రిస్ట్రిక్టెడ్, వార్నింగ్ మూడింటికీ నీలం అడ్డగీతల అంచు, ఎంఓఏకి ఊదారంగు అంచు. ఒక రకం మాత్రం చార్టు మీద అసలు ఉండదు, దాని పేరు కంట్రోల్డ్ ఫైరింగ్ ఏరియా. విమానం దగ్గరికి వస్తే కాల్పులు ఆపే బాధ్యత కాల్చేవాళ్లదే కాబట్టి దాన్ని గీయరు.

ఇప్పుడు మీ దారికి వద్దాం. ఓర్లాండో నుంచి కీ వెస్ట్‌కి సరళరేఖలో సుమారు 240 నాటికల్ మైళ్లు. జాక్సన్‌విల్, మయామి అనే రెండు సెక్షనల్ చార్టులు కావాలి. స్కేలు 1:5,00,000. ఎఫ్‌ఏఏ (అమెరికా విమానయాన శాఖ) సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి, 56 రోజులకొకసారి కొత్తవి వస్తాయి. బరంపురంలో కూర్చునే ఆ రెండిటి మీద రేఖ గీయండి. మొదట ఓర్లాండోకి నైరుతిన డిస్నీ వరల్డ్ కనిపిస్తుంది. దానిచుట్టూ 3 నాటికల్ మైళ్ల వృత్తం, నేల నుంచి 3,000 అడుగుల ఎత్తు దాకా ఏళ్లుగా నడుస్తున్న ఆంక్ష ఉంది. అక్కకి పైనుంచి డిస్నీ చూపిద్దామన్న ఆలోచనుంటే ఇప్పుడే మానుకోండి.

ఇంకొంచెం దక్షిణానికి వస్తే మీ గీత దాదాపు నేరుగా ఆర్-2901 అనే రిస్ట్రిక్టెడ్ ఏరియా మీద పడుతుంది. అది ఏవన్ పార్క్ ఎయిర్ ఫోర్స్ రేంజి, నిజమైన బాంబులు వేసి సాధన చేసే చోటు. దాన్ని అక్షరాల వారీగా ముక్కలు చేశారు. ఒక్కో ముక్కకి ఎత్తు వేరు, వేళ వేరు. ఒకటి నేల నుంచి మొదలవుతుంది, పక్కది ఇంకాస్త పైనుంచి. చార్టు అంచులో ఒక పట్టిక ఉంటుంది: నంబరు, ఎత్తు, వాడే వేళలు, ఏ ఏటీసీ (విమానాల రాకపోకల నియంత్రణ కేంద్రం) చేతిలో ఉంది. తొందరలో ఉన్నవాళ్లు మొదటి ముక్క చదివి మిగతావీ అంతే అనుకుంటారు. ముక్కముక్కకీ విడిగా చదవండి. వేళల గడిలో ఫలానా గంటలు రాసి పక్కన ‘మిగతా వేళల్లో నోటామ్ ప్రకారం’ అని ఉంటే, రాసిన గంటల తర్వాత అది ఖాళీ అని హామీ ఏమీ లేదు. కాబట్టి ఈ దారికి సరళరేఖ వదిలేసి పడమటివైపు వంపు తిరిగే ప్లానే వేసుకోండి. వంపు వల్ల పది పదిహేను నిమిషాలు ఎక్కువైతే అయింది. కోల్డ్ అని దారిలో తేలితే అప్పుడు నేరుగా పోవచ్చు. హాట్ అవుతుందనే లెక్కతోనే పెట్రోలు చూసుకోండి.

నీళ్ల మీద ఎక్కువసేపు ఉండటం ఇష్టంలేక కీస్ దీవుల వెంట వెళ్లేవాళ్లకు ఇంకో గండం ఉంది. కీ వెస్ట్‌కు సుమారు 20 మైళ్లు తూర్పున కడ్జో కీ దగ్గర ఆర్-2916 ఉంది. అక్కడ తాడుకట్టిన పెద్ద బెలూన్ రాడార్‌ను మోస్తూ పైన ఉంటుంది, అందుకే నేల నుంచి 14,000 అడుగుల దాకా మూసేశారు. బెలూన్ కంటికి కనిపించవచ్చు, దాన్ని పట్టుకున్న కేబుల్ మాత్రం కనపడదు. 2007లో ఒక సెస్నా 182 ఆ కేబుల్‌కి తగిలి ముగ్గురు చనిపోయారు. కింద హైవే వంతెనలు చూసుకుంటూ పోతే చాలనుకోవద్దు. ఆ వృత్తం అంచు ఎక్కడుందో చార్టులో చూసి, ఎంత ఎత్తులో ఉన్నా దాని బయటే ఉండండి. కీ వెస్ట్ దగ్గర నేవీ విమానాశ్రయం కూడా ఉంది, చుట్టూ సముద్రమంతా వార్నింగ్ ఏరియాలే. జెట్ల రద్దీ మామూలుగానే ఎక్కువ.

ఇవన్నీ అచ్చులో ఉన్నవి, కాబట్టి దొరుకుతాయి. బయటినుంచి వచ్చిన పైలట్లు ఎక్కువగా చిక్కేది అచ్చులో లేనివాటిలో, అంటే టీఎఫ్‌ఆర్ అనే తాత్కాలిక ఆంక్షల్లో. ఫ్లోరిడాలో వీటికి కొదవలేదు. అధ్యక్షుడు పామ్ బీచ్‌లో ఉన్న రోజుల్లో మామూలుగా 30 నాటికల్ మైళ్ల వృత్తం వస్తుంది, లోపల 10 మైళ్ల వృత్తం, పైకి 18,000 అడుగుల లోపు దాకా. లోపలి వృత్తంలోకి మీలాంటి చిన్న విమానాలు అసలు వెళ్లకూడదు. బయటి వలయాన్ని ఫ్లైట్ ప్లాన్ వేసి, మీకంటూ ఇచ్చిన స్క్వాక్ కోడ్ (రాడార్‌లో మిమ్మల్ని గుర్తుపట్టే అంకెలు) పెట్టి, ఏటీసీతో మాట్లాడుతూ దాటొచ్చు. చుట్టూ తిరుగుతూ ఊరు చూపించడం, శిక్షణ ఫ్లైట్లు కుదరవు. తూర్పు తీరం వెంట బీచ్‌లు చూసుకుంటూ వెళ్దామనుకుంటే ఇది నేరుగా మీ సమస్యే. కేప్ కెనావెరల్ నుంచి రాకెట్ లేచే రోజున తీరం దగ్గర ఇంకొకటి పడుతుంది. రాకెట్ వాయిదాపడితే ఆంక్షా మరోరోజుకి జరుగుతుంది. అంటే నిన్న చదివిన కాగితం ఇవాళ పనికిరాదు.

స్టేడియంల సంగతి మరీ విచిత్రం. 30,000 మందికి పైగా పట్టే స్టేడియంలో పెద్ద లీగ్ బేస్‌బాల్, ఎన్‌ఎఫ్‌ఎల్, కాలేజీల పై తరగతి ఫుట్‌బాల్ లాంటి ఆటలు జరిగితే, ఆటకు గంట ముందు నుంచి అయిపోయాక గంట దాకా, 3 నాటికల్ మైళ్ల చుట్టూ, 3,000 అడుగుల ఎత్తు వరకు మూత. ఒక్కో ఆటకి విడిగా నోటామ్ ఇవ్వరు, అన్నిటికీ కలిపి ఒకే శాశ్వత నోటామ్. అందువల్ల టీఎఫ్‌ఆర్ జాబితాలో కనపడలేదని లేదనుకోకండి. శీతాకాలం ఫుట్‌బాల్ రోజులు. ఆ ఊళ్లో ఆట ఉందేమో అక్కావాళ్లనే అడిగితే సరిపోతుంది, వాళ్లకి ఠక్కున తెలుస్తుంది.

ముందురోజు సాయంత్రం ఎఫ్‌ఏఏ టీఎఫ్‌ఆర్ పేజీ, స్పెషల్ యూజ్ ఎయిర్‌స్పేస్ షెడ్యూలు, దారిలోని నోటామ్‌లు చూడండి. బయల్దేరే ముందు మళ్లీ చూడండి. ఆ తర్వాత 1-800-992-7433కి ఫోన్ చేసి, విమానం నంబరు చెప్పి, స్టాండర్డ్ బ్రీఫింగ్ అడగండి. అన్నీ చూసుకున్నాక ఈ ఫోన్ దండగ అనిపిస్తుంది. కానీ ఆ కాల్ రికార్డవుతుంది, రేపు ఏదైనా తకరారు వస్తే మీరు అడిగారనడానికి ఆధారం అదే. అమెరికా యాసలో గడగడా చదివేస్తే నెమ్మదిగా చెప్పమనండి, విసుక్కోరు.

వేళలు చదివేటప్పుడు జాగ్రత్త. నోటామ్‌లో టైమంతా యూటీసీ (ప్రపంచ ప్రామాణిక వేళ). సెక్షనల్ చార్టు పట్టికలో మాత్రం స్థానిక వేళలు. శీతాకాలం ఫ్లోరిడా యూటీసీకి 5 గంటలు వెనక, మార్చి రెండో ఆదివారం నుంచి 4 గంటలు. నోటామ్‌లో 2000 నుంచి 2300 అని ఉంటే అది అక్కడ మధ్యాహ్నం 3 నుంచి సాయంత్రం 6 దాకా. మన గడియారంలో అర్ధరాత్రి దాటాక ఒకటిన్నరకి మొదలు, అంటే తేదీ కూడా మారిపోతుంది. ఫోన్ ఇంకా ఇండియా టైములో ఉండగా ప్లాన్ వేసేవాళ్లు ఒక రోజు తేడాతో చదివేస్తారు. చేతికి రెండో వాచీ పెట్టుకుని దాన్ని యూటీసీలోనే ఉంచితే ఈ గొడవ లేదు.

ఇక యాప్. ఫోర్‌ఫ్లైట్ అమెరికాలో, స్కైడెమన్ యూరప్‌లో బాగా వాడతారు, రెండూ మంచివే. తప్పు జరిగేది వాడే పద్ధతిలో. హోటల్ వైఫైలో డౌన్‌లోడ్ మొదలుపెట్టి, పూర్తవకుండానే బయల్దేరతారు. కొన్నిటిలో ఒక ఎత్తు కన్నా పైనున్న ఆకాశాన్ని చూపకుండా దాచే సెట్టింగ్ ఉంటుంది, దాన్ని 3,000 అడుగులకు పెట్టి మర్చిపోయి 5,500లో ఎగురుతారు. నోటామ్‌లు ఎప్పటివో స్క్రీన్ మూలలో చిన్న అక్షరాల్లో ఉంటుంది, అది చూసేదెవరు? విమానంలో ఏడీఎస్-బీ అనే రేడియో డేటా ద్వారా టీఎఫ్‌ఆర్ బొమ్మలు వస్తాయి గానీ అవి ఆలస్యంగా రావచ్చు, కొన్ని అసలు రాకపోవచ్చు. బొమ్మ లేదంటే ఆంక్ష లేదని కాదు. ట్యాబ్ ఎండకి వేడెక్కి ఆగిపోవడం ఫ్లోరిడాలో మామూలే. మీ గీత, దాని పక్కనున్న ఏరియాల నంబర్లు, ఎత్తులు ఒక కాగితం మీద రాసి మోకాలి బోర్డుకి పెట్టుకోండి.

అంచు నుంచి ఎంత దూరం ఉండాలి? బ్రిటన్ విమానయాన శాఖవాళ్లు తమ పైలట్లకు చెప్పేది, కంట్రోల్డ్ ఆకాశానికి పక్కకి 2 నాటికల్ మైళ్లు, పైకీ కిందికీ 200 అడుగులు వదిలి ఉండమని. కొత్త ఊళ్లో అది సరిపోదు. సెస్నా 172 100 నాట్ల (గంటకు 100 నాటికల్ మైళ్ల) వేగం మీద నిమిషానికి సుమారు 1.7 నాటికల్ మైళ్లు పోతుంది. 2 మైళ్ల ఎడం అంటే మ్యాప్ మడతపెట్టుకునేంత సేపు. హెడింగ్‌లో 5 డిగ్రీల తప్పు 60 మైళ్లకు 5 మైళ్లు పక్కకి తోసేస్తుంది. నేలమీది రేంజికి 5 మైళ్లు వదలండి.

ఎగిరాక ఫ్లైట్ ఫాలోయింగ్ అడగండి. రాడార్ మీద మిమ్మల్ని చూస్తూ దగ్గర్లోని విమానాల గురించి చెప్తారు. రేంజి దగ్గరకి వచ్చేముందు, ఓ 20 మైళ్ల దూరంలోనే, ఆర్-2901 ఫలానా ముక్క హాట్ ఆ అని అడగండి. అయితే ఒకటి: వీఎఫ్‌ఆర్‌లో కంట్రోలర్ మీతో మాట్లాడుతున్నాడంటే లోపలికి రమ్మన్నట్టు కాదు. ఏడీసీ ధీమా మళ్లీ తల ఎత్తేది ఇక్కడే. ‘రాడార్ కాంటాక్ట్’ అన్న మాట అనుమతి కాదు. ఆ ఏరియా పేరు చెప్పి వెళ్లొచ్చని విడిగా అంటేనే వెళ్లాలి.

పొరపాటున లోపలికి వెళ్లిపోయారని తెలిస్తే దగ్గరి అంచువైపు తిరిగి బయటపడండి, ఆ ప్రాంతపు ఏటీసీని పిలవండి, ఎవరూ దొరక్కపోతే అత్యవసర ఫ్రీక్వెన్సీ 121.5లో. పక్కన యుద్ధవిమానం వచ్చి రెక్కలు ఊపిందంటే మిమ్మల్ని ఆపినట్టు. మీరూ రెక్కలు ఊపి, అది మెల్లగా తిరిగిన వైపే వెంట వెళ్లండి. 121.5లో పిలవండి, ఏటీసీ వేరే కోడ్ చెప్పకపోతే అత్యవసర స్క్వాక్ కోడ్ 7700 పెట్టండి. అది ఒక్కసారిగా పైకి ఎగసి పక్కకి విడిపోతే మీరు వెళ్లొచ్చని. ఈ సైగలు అన్ని దేశాల్లోనూ ఒకటే. దిగాక ఫోన్ చేయమని ఒక నంబరు చెప్తారు, రాసుకుని మర్యాదగా చేయండి. 10 రోజుల్లోపు నాసా వాళ్ల ఏఎస్‌ఆర్‌ఎస్‌కి (విమాన భద్రతా నివేదికలు తీసుకునే విభాగానికి) రిపోర్టు పంపండి. కావాలని చేసింది కాకపోతే, ప్రమాదం జరగకపోతే, తప్పు నమోదైనా శిక్ష మాఫీ అయ్యే వీలుంటుంది. రిపోర్టు విదేశీయులు కూడా పంపొచ్చు.

అటునుంచి వాషింగ్టన్ వైపు ఎగిరే ఆలోచన వస్తే అది వేరే లోకం. అక్కడ 30 నాటికల్ మైళ్ల వృత్తమంతా ప్రత్యేక నియమాలే. 60 మైళ్ల లోపు వీఎఫ్‌ఆర్‌లో ఎగరాలంటే ఎఫ్‌ఏఏ వాళ్ల ఆన్‌లైన్ కోర్సు ముందే పూర్తిచేయాలి. ఈ ట్రిప్‌కి వదిలేయండి.

ఫ్రాన్స్‌లో పద్ధతి వేరు. అక్కడ టీఎఫ్‌ఆర్ జాబితా ఉండదు. ఏఐపీ, ఏఐపీ సప్లిమెంట్లు, నోటామ్‌లు ఎస్‌ఐఏ అనే ప్రభుత్వ సైట్‌లో చూడాలి. అచ్చు సమాచారం 28 రోజుల చక్రంలో గురువారాల్లో మారుతుంది. యూరప్ నోటామ్ మొదట్లో క్యూ-లైన్ ఉంటుంది, అందులోని అయిదక్షరాల కోడ్ చదవడం నేర్చుకుంటే వందల నోటామ్‌లలోంచి మీక్కావల్సినవి ఏరుకోవచ్చు. క్యూ తర్వాతి రెండక్షరాలు విషయం: ఆర్‌ఆర్ రిస్ట్రిక్టెడ్, ఆర్‌డీ డేంజర్, ఆర్‌పీ ప్రొహిబిటెడ్, ఆర్‌టీ తాత్కాలిక ఆంక్ష, డబ్ల్యూఎం అయితే క్షిపణి, తుపాకి లేదా రాకెట్ కాల్పులు. చివరి రెండు పరిస్థితి: సీఏ అంటే అమల్లోకి వచ్చింది, ఎల్‌డబ్ల్యూ అంటే జరగబోతోంది. క్యూ-లైన్‌లో ఉన్న వృత్తం వెతకడం కోసమే. అసలు ఆకారం ఈ-లైన్‌లో, అసలు ఎత్తులు ఎఫ్, జీ లైన్లలో. మన ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ నోటామ్‌లూ ఇదే అచ్చు. చాందీపూర్ పరీక్ష వార్త వచ్చిన ప్రతిసారీ కోల్‌కతా ఎఫ్‌ఐఆర్ (విమాన సమాచార ప్రాంతం) నోటామ్ తీసి మ్యాప్ మీద గీయండి, చేతికి అలవాటవుతుంది.

ఫ్రాన్స్‌లో ప్రాణం మీదికి తెచ్చేది ఆర్‌టీబీఏ. అది తక్కువ ఎత్తులో యుద్ధవిమానాలు అతివేగంగా దూసుకెళ్లే దారుల వల. మేఘాల్లో, చీకట్లో కూడా పరికరాల మీదే నడుపుతారు, మిమ్మల్ని చూసి తప్పుకుంటారన్న ఆశ లేదు. అమల్లో ఉన్న ముక్కల్లోకి అసలు వెళ్లకూడదు. ఏ ముక్క ఏ వేళకి అమల్లోకి వస్తుందో ఎస్‌ఐఏ వాళ్ల ‘ఆజ్‌బా’ మ్యాపులో రోజూ వస్తుంది. శని ఆదివారాలు మామూలుగా ఖాళీ, అయినా చూడకుండా లేవొద్దు. పారిస్ నగరం మీద పీ-23 పూర్తిగా మూత. అణు విద్యుత్ కేంద్రాల మీద కూడా ప్రొహిబిటెడ్ వృత్తాలున్నాయి.

ఎత్తుల లెక్కలో కూడా అక్కడ తడబడతారు. ఫ్లైట్ లెవెల్ (ఎఫ్‌ఎల్) అంటే ఆల్టిమీటర్‌ను 1013 హెక్టోపాస్కల్స్ ప్రామాణిక పీడనానికి పెట్టి వందల అడుగుల్లో చెప్పే ఎత్తు, అమెరికాలో అది 18,000 అడుగుల నుంచి. ఫ్రాన్స్‌లో చాలాచోట్ల 5,000 అడుగుల పైనే లెవెల్స్ మొదలు. ఒక రిస్ట్రిక్టెడ్ ఏరియా అడుగు ఎఫ్‌ఎల్ 65 అని ఉంది, మీరు క్యూఎన్‌హెచ్ (ఆ రోజు అక్కడి సముద్రమట్టపు గాలి పీడనం) మీద 6,000 అడుగుల్లో కింద నుంచి పోతున్నారనుకోండి. 500 అడుగుల ఎడం ఉందనిపిస్తుంది. ఆ రోజు క్యూఎన్‌హెచ్ 993 అయితే 1013కి 20 హెక్టోపాస్కల్స్ తక్కువ, ఒక్కోదానికి 27 నుంచి 30 అడుగుల లెక్కన 540 నుంచి 600 అడుగులు. అంటే ఎఫ్‌ఎల్ 65 ఆ రోజు మీ ఆల్టిమీటర్ మీద 5,900 నుంచి 5,960 మధ్య ఉంటుంది. మీరు లోపల ఉన్నారు. తుఫాను వాతావరణంలో ఎఫ్‌ఎల్‌తో రాసిన అడుగుకి ఎప్పుడూ 1,000 అడుగులు వదలండి. ఇంకో మాట, ఫ్రాన్స్‌లో కొన్ని చిన్న ఎయిర్‌ఫీల్డుల్లో రేడియో ఫ్రెంచిలోనే. వాటిని ప్రత్యామ్నాయంగా ప్లాన్‌లో రాసుకోకండి.

చివరగా కాగితాలు. మీ డీజీసీఏ లైసెన్సు ఆధారంగా ఎఫ్‌ఏఏ ప్రైవేటు సర్టిఫికెట్ ఇస్తుంది. ముందు మీ లైసెన్సు నిజమైనదని డీజీసీఏ ద్వారా ధ్రువీకరణ జరగాలి. ఆ లెటరు వచ్చాక ఆరు నెలలే చెల్లుతుంది, రావడానికి 45 నుంచి 90 రోజులు పట్టొచ్చు. జనవరిలో ఎగరాలంటే సెప్టెంబరులోనే అర్జీ పెట్టండి. సర్టిఫికెట్ చేతికొచ్చాక ఇన్‌స్ట్రక్టర్‌తో ఫ్లైట్ రివ్యూ చేయాలి, కనీసం గంట నేలమీద, గంట గాల్లో. ఆ గాల్లో గంటకి ఊరి చుట్టూ చక్కర్లు కొట్టకుండా ఏవన్ పార్క్ అంచుదాకా వెళ్దామనండి, హాట్ ఆ కోల్డ్ ఆ అని రేడియోలో అడిగే పని మీరే చేయండి.